పదమూడు బల్లల యుద్ధం

పాఠం చెప్పడం తప్పని మా జిల్లాలో నిరుడు జూలై పన్నెండో తేదీన తేలింది. పదకొండో తేదీ దాకా అది ఉద్యోగం.

తేల్చింది అనుభవాత్మక బోధనా విభాగం వారు. "ఇకమీదట ఏ ఉపాధ్యాయుడును పాఠమును చెప్పరాదు. పాఠము తరగతిలో జరగవలెను. విద్యార్థి దానిని స్వయముగా అనుభవించవలెను" అని సర్క్యులరు. అడుగున డాక్టర్ ఈరంకి విజయసారథి, జిల్లా సమన్వయాధికారి అని ఆకుపచ్చ సంతకం. మా బళ్ళో సర్క్యులర్లు చదివి ఫైల్లో పెట్టేది నేనే కాబట్టి అందరికంటే ముందు హడలిపోయిందీ నేనే. నా పేరు కడలి నాగన్న. చిట్టిలంకపేట హైస్కూల్లో గుమాస్తాని. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఒక్క కాగితం పోగొట్టలేదు, ఒక్క రూలు మీరలేదు. ఆ రెండూ గొప్పే అనుకునేవాణ్ణి.

నెల తిరక్కుండానే ఫలితాలు వచ్చాయి. అగ్నిపర్వతాల పాఠం అనుభవించిన స్కూల్లో వంటషెడ్డు పైకప్పు పోయింది. కరువు కాటకాల పాఠం వచ్చినచోట రెండు రోజులు మధ్యాహ్న భోజనం వండలేదు. పిల్లలకు పాఠం క్షుణ్ణంగా అర్థమైందని ఆ హెడ్మాస్టరుకి శాలువా కప్పారు. ఇదంతా కంప్యూటర్లో ఎక్కించాలి. ప్రతి పాఠానికీ చివర 'ఫలితము' అని ఒక గడి ఉంటుంది. పుస్తకంలో ఏ ఫలితం రాసుందో తరగతిలోనూ అదే రావాలి. రాకపోతే ఆ పాఠం పంతులుకి మెమో.

మాకు వచ్చిన పాఠం తొమ్మిదో తరగతి సోషల్, అమెరికా స్వాతంత్ర్య పోరాటం.

మా సోషల్ మాస్టారు నేలపూడి రత్నరాజు గారు పదిహేనేళ్ళుగా ఆ పాఠాన్ని ఒక్క పీరియడులో ముగించేవారు. "అమెరికాలో స్థిరపడ్డవాళ్ళు పదమూడు వలస రాజ్యాలుగా ఉండేవారర్రా. లండన్‌లో కూర్చున్న రాజు కాగితాలకి పన్నేశాడు, టీకి పన్నేశాడు, సైనికుల్ని తెచ్చి వీళ్ళ నెత్తిన కూర్చోబెట్టాడు. మా మాట అడక్కుండా పన్నెలా వేస్తావన్నారు వీళ్ళు. అర్జీలు పెట్టారు. వాడు వినలేదు. వీళ్ళు టీ తీసుకెళ్ళి సముద్రంలో పోశారు, తర్వాత యుద్ధం చేశారు, గెలిచారు. రాసుకోండి." పిల్లలు రాసుకునేవారు, పరీక్షలో మళ్ళీ రాసేవారు, మర్చిపోయేవారు. ఎవరికీ ఏ నష్టమూ ఉండేది కాదు.

"ఇప్పుడు యుద్ధం ఎక్కణ్ణుంచి తేనండి బాబూ!" అని ఆయన స్టాఫ్‌రూంలో తల పట్టుక్కూర్చున్నారు.

మా హెడ్మాస్టారు అయ్యగారి సోమయాజులు గారు నెమ్మదస్తులు. పై నుంచి ఉత్తర్వు వస్తే చెప్పులు విడిచి చదివే రకం. ఆయన ఆ సాయంత్రమే మీటింగు పెట్టి పదవులు పంచేశారు. స్టాఫ్‌రూం లండన్. ఆయన రాజు. లెక్కల టీచరు అనసూయమ్మ గారు ప్రధానమంత్రి. పదో తరగతి వాళ్ళు రాజుగారి సైన్యం. తొమ్మిదో తరగతి వలస ప్రజలు. పదమూడు రాజ్యాలు కావాలి గదా, తొమ్మిదో తరగతిలో పన్నెండు బల్లలే ఉన్నాయి. ఆరో తరగతి నుంచి ఒకటి మోయించుకొచ్చి, బల్లకొక రాజ్యం చొప్పున లెక్క సరిపెట్టారు. నాకు కూడా ఒక పదవి ఇచ్చారు, రాజముద్రాధికారి అని. ఆఫీసు రబ్బరుస్టాంపు ఎలాగూ నా దగ్గరే ఉంటుంది.

ఇక్కడొక సంగతి చెప్పాలి. లేకపోతే తర్వాత జరిగింది మీకు బోధపడదు. మా బళ్ళో ఆడపిల్లలకని కట్టిన మరుగుదొడ్డి తుఫానుకి కూలిపోయి ఆరేళ్ళయింది. నిలిచున్నది ఒక్కటే. దానికి తెల్లటి పలకలు, కుళాయి, అద్దం అన్నీ ఉన్నాయి. అప్పట్లో వచ్చిన ఒక తనిఖీ అధికారి "అధికారుల నిమిత్తము ఒక మరుగుదొడ్డిని సదా పరిశుభ్రముగా సిద్ధపరచి ఉంచవలెను" అని రాసి వెళ్ళారు. సదా పరిశుభ్రంగా ఉండాలంటే ఎవరూ వాడకూడదు గదా! అందుకని తాళం వేశాం. ఆరేళ్ళలో అధికారులు మూడుసార్లు వచ్చారు. ఒకాయన అద్దంలో మీసం చూసుకున్నారు. మిగతా ఇద్దరూ అటు వెళ్ళలేదు. మొగపిల్లలకి కాలవగట్టు ఉంది. నూట పన్నెండు మంది ఆడపిల్లలు మాత్రం అవసరమైతే కాలవ వంతెన దాటి ఊళ్ళోకి, ఇళ్ళకి పోవాలి. పోయినవాళ్ళలో సగంమంది ఆ పూటకి మళ్ళీ రారు. ఆ తాళంచెవి నా మొలతాడుకే ఉండేది.

సరే, పాఠం మొదలైంది. సర్క్యులరు ప్రకారం మొదటి మెట్టు "వలస ప్రజలకు మనస్తాపము కలిగించుట". కనీసం అయిదు మనస్తాపాలు వారం లోపల నమోదు కావాలి.

సోమవారం ముద్ర పన్ను వేశాం. నోటుబుక్కులో ప్రతి పేజీకీ ఆఫీసు ముద్ర ఉండాలి, ముద్రకి ఒక చింతపిక్క చెల్లించాలి. చింతపిక్కలకి మా ఊళ్ళో కరువా? సంచులతో మోసుకొచ్చారు. పుస్తకాలయ్యాక చేతులమీద వేయించుకున్నారు, ఒకడైతే నుదుట వేయించుకుని పెళ్ళికొడుకులా ఊరంతా తిరిగొచ్చాడు. మనస్తాపం కలిగింది నా ఒక్కడికే. నాలుగు వేల ముద్రలు కొట్టేసరికి కుడిభుజం పట్టేసింది.

మంగళవారం టీ పన్ను. పిల్లలకి టీ అలవాటు లేదు, మజ్జిగతో సరిపెట్టుకోవచ్చునా అని హెడ్మాస్టారు రాశారు. గంటలో జవాబు. "పాఠ్యపుస్తకమున టీ అని ఉన్నది. అలవాటు లేనిచోట ముందుగా అలవాటు చేసి, పిదప పన్ను విధించవలెను." అలవాటు చేశాం. గ్లాసుకి రెండు చింతపిక్కలన్నాం. నాలుగిచ్చి రెండో గ్లాసు కూడా పుచ్చుకున్నారు. తొమ్మిదో తరగతిలో మధ్యాహ్నం పూట ఒక్కడూ కునికిపాట్లు పడకపోవడం నా సర్వీసులో అదే మొదలు.

బుధవారం సైనికులకి బస. పదో తరగతి వాళ్ళు ఎర్ర తువాళ్ళు భుజాన వేసుకుని వెళ్ళి తొమ్మిదో తరగతి బల్లల మీద ఇరుక్కుని కూర్చోవాలి, వీళ్ళ క్యారేజీల్లో అన్నం లాక్కుని తినాలి. అదీ ప్లాను. మర్నాడు తొమ్మిదో తరగతి తల్లులందరూ పెద్ద క్యారేజీలు సర్ది పంపించారు. "పాపం సైనికులంట, బాగా పెట్టండ్రా" అని ఒకావిడ బుట్టెడు పూతరేకులు తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్ళింది.

రాజుగారు కిటికీలోంచి చూసి నీరుగారిపోయారు. "కొసరి కొసరి వడ్డించేవాళ్ళతో యుద్ధం ఎలా వస్తుంది నాగన్న గారూ! ఒక్కడికైనా కోపం వచ్చిందా?"

"ఒకడికొచ్చిందండి. పూతరేకు చిన్నదిచ్చారని."

"వాడు వలస ప్రజా?"

"కాదండి, మన సైనికుడే."

గురువారం డాక్టర్ విజయసారథి గారు కంప్యూటర్ తెరమీదకొచ్చారు. మొహం నిండా విచారం. "మిస్టర్ సోమయాజులూ, మీ పాఠశాల యొక్క అసంతృప్తి సూచిక సున్నా వద్ద నిలిచియున్నది. జిల్లా సగటు అరవై రెండు. మీ విద్యార్థులు సంతోషముగా ఉన్నారన్నమాట. దీనికి బాధ్యులెవరు?"

"మా వంతు కృషి మేం చేశామండి" అన్నారు హెడ్మాస్టారు, దాదాపు ఏడుపు గొంతుతో.

"ఫిర్యాదుల పెట్టె ఏర్పాటు చేయుడు. బల్లకొక కాగితము. నిజముగా బాధించునది ఏదో వ్రాయమనుడు."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు. నిజంగా బాధించేది రాయమని పిల్లలకి ఎవరైనా చెబుతారా? చెప్పాం. మధ్యాహ్నానికి పెట్టెలో పదమూడు కాగితాలు పడ్డాయి. తీసి చదివితే పదమూడింటిలోనూ ఒకటే సంగతి. బాత్రూం తాళం తీయండి. మొగపిల్లల బల్లవాళ్ళు కూడా రాశారు. "మా బల్లకి అవసరం లేదండి. కానీ సునంద చెప్పింది విన్నాక న్యాయమే అనిపించిందండి" అని.

గుత్తుల సునంద తొమ్మిదో తరగతి నాలుగో బల్ల. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూస్తుంది. అది నాకెప్పుడూ ఇబ్బందిగానే ఉండేది.

హెడ్మాస్టారు కాగితాలు రెండుసార్లు తిరగేశారు. "ఇది సిలబస్‌లో లేదయ్యా!" అని మళ్ళీ తెర ముందు కూర్చున్నారు. సమన్వయాధికారి గారు మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"అత్యద్భుతము! ఏకగ్రీవ అసంతృప్తి! రాష్ట్రంలోనే ప్రథమము!"

"అయితే తాళం ఇచ్చేయమంటారాండి?"

"ఇచ్చివేసిన యెడల పాఠము ఎట్లు జరుగును? రాజు అర్జీలను తిరస్కరించవలెను. మూడు పర్యాయములు తిరస్కరించవలెను. మూడవది మర్యాదగా ఉండరాదు."

మర్నాడు సునంద అర్జీ పట్టుకుని ఆఫీసు గుమ్మంలో నిలబడింది.

"సారండీ, ఇది ఆటలో కాగితమాండి, నిజం కాగితమాండి?"

"ఆఫీసుకొచ్చాక ఏ కాగితమైనా ఒకటే. నంబరు వేస్తాను, ఇలా ఇవ్వు" అన్నాను.

"ఆయ్. పోయినేడు కూడా ఒకటిచ్చానండి, నిజందే. మా క్లాసు ఆడపిల్లలందరం సంతకాలెట్టాం. దానికి నంబరు వేయలేదండి మీరు."

ఒక్క కాగితం పోగొట్టలేదని చెప్పానే, అది నిజమే. ఆ కాగితం కూడా పోలేదు. నా బల్ల కింది సొరుగులోనే ఉంది. 'ఫైలు నడుస్తోంది' అని చెప్పి పంపించేశాను. నడవడానికి దానికి ఫైలే లేదు. చివుక్కుమంది నాకు. చివుక్కుమన్నా సరే, రూలు రూలే అనుకుని అర్జీ మీద నంబరు వేశాను.

మొదటి తిరస్కారం ఆ పూటే వెళ్ళింది. "మీ విన్నపము పరిశీలనలో ఉన్నది." రెండోది మర్నాడు పొద్దున. "మరుగుదొడ్డి అవసరమన్న విషయము రుజువు కాలేదు. తగిన రుజువుతో దరఖాస్తు చేయవలెను." మూడోది సమన్వయాధికారి గారే ఫోన్లో చెబితే రాసుకున్నాను. "వలస ప్రజలకు అట్టి అవసరములు ఉండవు."

ఆ వాక్యం రాస్తుంటే నా కలం ఒకసారి ఆగింది. నాకూ ఇద్దరాడపిల్లలు. ఇద్దరూ పెళ్ళిళ్ళయి వెళ్ళారు, ఇద్దరూ ఈ బళ్ళోనే చదివారు. కలం ఆగితే ఆగింది గాని ముద్ర మాత్రం వేశాను.

రత్నరాజు గారు దాన్ని తరగతిలో చదివారు. చదవడం ముగియగానే పదమూడు బల్లలూ ఒక్కసారి చరిచారు. ఆ మోతకి స్టాఫ్‌రూంలో గోడ గడియారం ఆగిపోయింది. అసంతృప్తి సూచిక సున్నా నుంచి తొంభై ఎనిమిదికి లేచింది. మిగతా రెండూ ఆరోజు రాని పిల్లలవి.

సాయంత్రం టీ కార్యక్రమం. టీ డేగిసాలు నాలుగు భుజాలకెత్తుకుని, రాజుగారి పన్ను మాకొద్దని అరుస్తూ వెళ్ళి స్కూలు పక్క కాలవలో పోసేశారు. దాన్ని ఫోటోలు తీయడానికి జిల్లా నుంచి మనిషిని పంపారు. కాలవలో ఈదే బాతులు చీకటి పడేదాకా గట్టెక్కలేదని వాటి ఆసామి మర్నాడు తగాదాకి వచ్చాడు. సమన్వయాధికారి గారు ఆ ఫోటోలు చూసి, "చరిత్ర!" అన్నారట.

సోమవారం ప్రార్థన దగ్గర సునంద స్వాతంత్ర్య ప్రకటన చదివింది. రత్నరాజు గారు రాసిచ్చిన కాగితం మడిచి పక్కన పెట్టేసి, తనే మాట్లాడింది.

"ఆకలి రాజుగారికీ వేస్తుందండి, మాకూ వేస్తుందండి. నిద్ర ఆయనకీ వస్తుంది, మాకూ వస్తుంది. ఇంకోటి కూడా అంతేనండి. ఇవి దేవుడు అందరికీ పెట్టినవి, సర్క్యులర్లో పెట్టినవి కావండి. మూడుసార్లు మర్యాదగా అడిగాం. అవసరమని రుజువు చూపించమన్నారు. అదెలా చూపిస్తామండి? మీ ఇళ్ళల్లో ఆడాళ్ళని అడగండి, చెప్తారు. కాబట్టి ఈ పదమూడు బల్లలూ ఇవాల్టి నుంచి రాజుగారివి కాదండి. మావి."

రాజుగారు చప్పట్లు కొట్టేశారు. అనసూయమ్మ గారు మోచేత్తో పొడిచాక ఆపారు.

యుద్ధం బుధవారం. యుద్ధానికి మార్గదర్శకాలు పదహారు అంశాలతో వచ్చాయి, నోటీసుబోర్డుకి అంటించాను. ఆయుధాలు సుద్దముక్కలు మాత్రమే. తగిలినవారు మరణించినట్లు భావించి వరండాలో కూర్చొనవలెను. మరణించిన వారికి మజ్జిగ ఇవ్వవలెను. పద్నాలుగో అంశం మాత్రం నేను రెండుసార్లు చదివాను. "జయించిన స్థలము యొక్క తాళములు జయించినవారికి అప్పగించవలెను. ఒప్పందముపై సంతకములు జరుగువరకు ఆ స్థలములోనికి ఇతరులు ప్రవేశించరాదు." అడుగున అదే ఆకుపచ్చ సంతకం.

ఆ రోజు డాక్టర్ విజయసారథి గారు స్వయంగా వేంచేశారు. మా వైపు ఇంటికొచ్చినవాణ్ణి ఒట్టి గొంతుతో కూర్చోబెట్టడం మహా తప్పు. అధికారైతే మరీను. కారు దిగగానే రత్నరాజు గారు కొబ్బరి బొండం ఇచ్చారు. రాజుగారు తన వంతుగా ఇంకోటి ఇచ్చారు. ఊరి సర్పంచి గారు "మా తోటవండి, చక్కెర నీళ్ళు" అని రెండు కొట్టించారు. ఒకరిది తాగి ఒకరిది వద్దంటే బాగుండదని ఆయన నాలుగూ తాగారు. తర్వాత కాఫీ. యుద్ధం అయ్యేలోగా మళ్ళీ కాఫీ.

ఈల వేశారు. మొదట రాజుగారి సైన్యానిదే పైచెయ్యి. పదో తరగతి మొగపిల్లలు క్రికెట్ ఆడేవాళ్ళు, గురి తప్పరు. తొమ్మిదో తరగతిలో ఏడు బల్లలు పావుగంటలో చచ్చిపోయి వరండాలో మజ్జిగ తాగుతున్నాయి. మిగిలినవాళ్ళు వెనక్కి నడుస్తూ నడుస్తూ ఆ తాళం వేసిన గది ముందుకి చేరారు. వాళ్ళ ముందు సునంద, జడ నిండా సుద్దపొడి. దాని చేతిలో ఒకే ఒక్క సుద్దముక్క మిగిలింది.

అప్పుడు సైన్యంలోని పదో తరగతి ఆడపిల్లలు ఆగిపోయారు. తలుపు వంక చూశారు. ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు.

"ఒసే, మనం ఎవరిమీద కొడుతున్నామే?" అంది వాళ్ళలో ఒకతె.

పద్దెనిమిది ఎర్ర తువాళ్ళు ఒక్కసారి నేలమీద పడ్డాయి. అంతమందీ అటు తిరిగి సునంద పక్కన నిలబడ్డారు.

"ఇది పాఠ్యపుస్తకమున లేదు!" అని అరిచారు సమన్వయాధికారి గారు.

అనసూయమ్మ గారు గొడుగు ముడిచి రాజుగారి ముందుకొచ్చారు. "రాజుగారూ, నేను ప్రధానమంత్రి పదవికి రాజీనామా చేస్తున్నానండి. ఆరేళ్ళబట్టి ఇంటర్వెల్ కొడితే ఎదురింటివాళ్ళ బాత్రూంకి పరిగెత్తుతున్నాను. వెళ్ళిన ప్రతిసారీ వాళ్ళత్తగారి మోకాళ్ళ నొప్పులు మొదట్నుంచీ వినాలి. నావల్ల కాదు" అని వంగి, కిందపడ్డ సుద్దముక్క ఒకటి తీసి విసిరారు. లెక్కల టీచరు గదా, సూటిగా వెళ్ళి రాజుగారి పొట్టకే తగిలింది.

"మరణించాను!" అని రాజుగారు సంతోషంగా ప్రకటించి, వెళ్ళి వరండాలో కూర్చుని మజ్జిగ పుచ్చుకున్నారు. రాజు పోయాక సైన్యం ఎంతసేపుంటుంది? అయిదు నిమిషాల్లో యుద్ధం ముగిసింది.

సునంద తిన్నగా నా దగ్గరకొచ్చింది. చెయ్యి చాపి ఒకటే మాటంది. "పద్నాలుగో అంశమండి."

నేను ఒక్క రూలు మీరనివాణ్ణి. మొలతాడు ముడి విప్పాను. ఆరేళ్ళనాటి ముడి, గోళ్ళకి ఓ పట్టాన లొంగలేదు. అందరూ చూస్తుంటే పళ్ళతో కొరికి విప్పాను. చెవి దాని అరచేతిలో పెట్టాక ఒళ్ళు తేలికైనట్టనిపించింది, అబద్ధమెందుకు!

సరిగ్గా అప్పుడే సమన్వయాధికారి గారు నా చెవి దగ్గరికి వంగారు. నుదుటి మీద చెమట. "మిస్టర్ నాగన్నా, ఆ గది తాళము."

"నా దగ్గర లేదండి. వాళ్ళు జయించారండి."

"ఇది అత్యవసరము!"

"అయ్యయ్యో! కానీ పద్నాలుగో అంశం తమరు సంతకం చేసిందేనండి. ఒప్పందం అయ్యేదాకా ఇతరులు ప్రవేశించరాదు. తిరగరాసే అధికారం నాకు లేదండి." నేను ఇన్నేళ్ళూ నేర్చుకున్న గుమాస్తాగిరీ అంతా ఆ ఒక్క జవాబులో పెట్టాను.

ఆయన గబగబా సునంద దగ్గరికి నడిచారు. పరిగెత్తే పరిస్థితి లేదు. "అమ్మాయీ, తలుపు తెరువుము."

"తీస్తామండి. దరఖాస్తు ఇవ్వండి సార్" అంది సునంద. వేళాకోళం లేదు దాని మొహంలో. "అవసరమని రుజువు కూడా చూపించాలండి. మాకలాగే రాశారండి మరి."

"ఇది కేవలము యాక్టివిటీ!"

"ఆయ్, యాక్టివిటీయేనండి. అనుభవించాలి కదండీ."

వరండాలో చచ్చిపోయినవాళ్ళందరూ లేచి నిలబడి చూస్తున్నారు. ఆయన ఒకసారి కారు వంక, ఒకసారి కొబ్బరి తోట వంక చూశారు. తోట దగ్గర ఊరు ఊరంతా యుద్ధం చూడ్డానికి నిలబడుంది.

"ఒప్పందము తెండు!" అన్నారు.

ఒప్పందం సునంద ముందే రాసుంచింది. నాలుగు వాక్యాలు. ఈ గదికి తాళం వేయరాదు. ఇది ఆడపిల్లలదీ టీచర్లదీ. కుళాయిలో నీళ్ళు రాకపోతే రాజుగారి పూచీ. అధికారులకి అవసరమైతే వరసలో నిలబడాలి. ఆయన చదవకుండా సంతకం పెట్టేశారు. కలం ఇచ్చేయబోతుంటే నేను ఆపాను.

"మూడు ప్రతులండి. ఆఫీసుకొకటి, జిల్లాకొకటి, విజేతలకొకటి."

ఆయన నావైపు చూసిన చూపు నేనిప్పటికీ మర్చిపోలేదు. మూడింటి మీదా సంతకం పెట్టారు. నేను కూడా నెమ్మదిగా, చక్కగా, మూడు ముద్రలూ వేశాను. అప్పుడు సునంద తలుపు తీసింది. ఆడపిల్లలందరూ పక్కకి జరిగి ఆయనకి దారిచ్చారు. "ముందు మీరెళ్ళండి సార్, మాకు అలవాటేనండి" అంది.

లోపలికెళ్ళినాయన బయటికొచ్చాక ఎవరి మొహమూ చూడకుండా కారెక్కారు. రెండో రోజు ఫోన్ చేశారు. ఒప్పందం ఒత్తిడిలో జరిగినది కనుక రద్దు చేయవలెనట.

"తప్పకుండానండి" అన్నాను. "కాకపోతే ఫలితం గడిలో 'స్వాతంత్ర్యము లభించినది' అని నిన్ననే ఎక్కించేశామండి. ఎక్కించాక దిద్దడానికి లేదు. రద్దు చెయ్యాలంటే పాఠం విఫలమైందని తమరు రాసివ్వాలండి. ఫోటోలు చూసి రాజధాని నుంచి అభినందన పత్రం కూడా వచ్చిందన్నారు, తమ పేరు మీద. అది వాపసు పంపాల్సుంటుందేమో కనుక్కోమంటారాండి?"

ఆయన ఫోన్ పెట్టేశారు. మూడోనాడు ఉత్తర్వు వచ్చింది. "సదరు స్వాతంత్ర్యమును తదుపరి ఉత్తర్వులు వెలువడువరకు కొనసాగించవచ్చును." హెడ్మాస్టారు చెప్పులు విడిచి మరీ చదివి, దాన్ని అద్దం కట్టించి స్టాఫ్‌రూంలో వేలాడదీశారు. రత్నరాజు గారికి మెమో తప్పింది. అనసూయమ్మ గారు ఎదురింటి అత్తగారిని చూడ్డానికి ఆదివారాలు మాత్రం వెళ్తున్నారు. మోకాళ్ళు ఎలా ఉన్నాయో తెలియక తోచడం లేదట.

కథ ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. నెల పోయాక మండలాఫీసు నుంచి నాకు ఒక తాఖీదు వచ్చింది.

మా బడికి తాగేనీళ్ళు టిన్నుల్లో వస్తాయి. రోజుకి ఆరు టిన్నులు, ఏళ్ళ తరబడి అంతే. ఇప్పుడు పదకొండు అవుతున్నాయట. "పిల్లల సంఖ్య పెరగకనే త్రాగునీటి వినియోగము హఠాత్తుగా పెరుగుటకు కారణమేమి? ఏడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను."

టిన్నులు చూశాను, ఎక్కడా కారడం లేదు. ఎవరైనా ఇంటికి పట్టుకుపోతున్నారేమోనని రెండు రోజులు కాపు కాశాను. లేదు. మూడోనాడు ఇంటర్వెల్లో సునంద నీళ్ళ దగ్గర కనిపించింది. గ్లాసు ఎత్తి గటగటా తాగి, మళ్ళీ పట్టుకుంటోంది.

"ఏమ్మా, టిన్నులు ఇదివరకు ఆరు సరిపోయేవి, ఇప్పుడు పదకొండు కావాల్సొస్తున్నాయి. ఎందుకంటావు?" అని అడిగాను.

"ఇదివరకు ఆడపిల్లలం తాగేవాళ్ళం కాదు కదండీ" అంది.

"తాగకపోవడమేంటి? ఎందుకని?"

అది గ్లాసు దించి నా కళ్ళలోకి చూసింది. "తాగితే ఎక్కడికెళ్తామండి?" అని, గ్లాసు కడిగి బోర్లించి క్లాసుకి పోయింది.

నేను ఆఫీసుకొచ్చి కూర్చున్నాను. నూట పన్నెండు మంది. ఏప్రిల్ నెల ఎండల్లో కూడా. ప్రతిరోజూ నా కళ్ళముందే ఆ టిన్నుల పక్కనుంచి నడిచి వెళ్ళేవారు. ఆరు టిన్నులు సరిపోతున్నాయి, మావాళ్ళు పొదుపు అని ఒక ఏడాది నివేదికలో మెచ్చుకుంటూ రాశాను కూడా. సిగ్గుతో చచ్చిపోయాను. ఇంటికెళ్ళి మా అమ్మాయిలిద్దరికీ ఫోన్ చేద్దామనుకుని, ఏం చెప్పాలో తెలియక మానేశాను.

సంజాయిషీ ఫారంలో కారణం అనే గడి చిన్నది. అందులో పట్టేలా రాశాను. "ఆరేళ్ళుగా ఈ బడిలో ఆడపిల్లలు నీళ్ళు త్రాగలేదు. తాళము నా వద్ద ఉండెను." హెడ్మాస్టారికి చూపిస్తే, ఇలా రాస్తే మీ ఉద్యోగం మీదికొస్తుందేమో నాగన్న గారూ అన్నారు. ఆ మాటంటూనే కలం తీసుకుని నా సంతకం పక్కన తన సంతకం కూడా పెట్టారు. ముద్ర వేసేముందు అడుగున ఇంకొక వాక్యం చేర్చాను. పదకొండు టిన్నులు చాలడం లేదు, పన్నెండు పంపవలెను.